తినడం మానేస్తున్న ఫ్రెండ్‌కు తోడుగా ఉండటం ఎలా: హాస్టల్ గది నుంచి డాక్టర్ గది దాకా

"అక్కా, మా రూమ్మేట్ మెస్‌కు వస్తలేదు, వచ్చినా అన్నం కెలికి లేచిపోతది, అడిగితే కస్సుమంటది, ఏం చెయ్యాలె?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, ఎక్కువగా హనుమకొండ, కాజీపేట హాస్టళ్లలో ఉండే పిల్లలు, వాళ్లలో ఇద్దరు అబ్బాయిలు కూడా. ప్రతి ఒక్కరికీ ఫోన్‌లో గంట గంట చెప్పే బదులు ఒకసారి కూర్చుని రాసేస్తే పంపడానికి ఉంటుంది కదా అని రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాదు. డిగ్రీ చదివేటప్పుడు నయీంనగర్‌లో ఒక హాస్టల్‌లో నా రూమ్మేట్‌కు ఈ జబ్బు, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బు, ఈటింగ్ డిజార్డర్, వచ్చింది, చేయకూడనివన్నీ ముందు నేనే చేశాను, కొన్నింటికి ఆమె ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ ఫ్రెండ్‌తో అన్నం తినిపించే బాధ్యత మీ నెత్తిన వేసుకోవద్దు. మీ దగ్గర అబద్ధం ఆడాల్సిన అవసరం ఆమెకు రాకుండా చూడటం, చికిత్స చేసేవాళ్ల దాకా తోడు వెళ్లడం, ఆ తర్వాత కూడా మాయమైపోకుండా ఉండటం, ఫ్రెండ్‌గా మీ చేతిలో ఉన్నవి ఈ మూడే. ఈ మూడూ చిన్నవేం కావు.

జబ్బు గురించి నాలుగు ముక్కలు చాలు. లావవుతానన్న భయంతో తిండి బాగా తగ్గించేయడం అనొరెక్సియా. కాసేపట్లో చాలా తినేసి, తర్వాత వాంతి చేసుకోవడమో, విరేచనం మాత్రలు వేసుకోవడమో, ఒళ్లు హూనమయ్యేదాకా వ్యాయామం చేయడమో బులీమియా. తినడం మొదలుపెడితే ఆపలేక, తర్వాత సిగ్గుతో కుంగిపోతుంటే బింజ్ ఈటింగ్. బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్లు చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, లావుగానూ ఉండొచ్చు, కాబట్టి "బక్కగ లేదు కదా, ఏమైతది" అనే లెక్క పనికిరాదు. ఇందులో ఏదో తేల్చేది డాక్టర్, మీరు కాదు. రాయడానికి సులువని 'ఆమె' అంటున్నాను, అబ్బాయిలకూ వస్తుంది, వాళ్లలో చాలాసార్లు ఇది జిమ్ము వెనక, ప్రోటీన్ డబ్బా వెనక దాక్కుంటుంది.

ముందు ఇవి సిద్ధం చేసుకోండి

- ఒక గంట ఖాళీ టైమ్. బస్సు టైమైంది, క్లాసు టైమైంది అని మధ్యలో లేవకూడదు.
- నలుగురూ లేని చోటు. క్యాంటీన్, టిఫిన్ సెంటర్ అసలే వద్దు, ముందు ప్లేట్ ఉంటే మాట దాని మీదికే పోతుంది. సాయంత్రం భద్రకాళి చెరువు బండ్ మీద నడుస్తూ మాట్లాడటం నయం, పక్కపక్కన నడిచేటప్పుడు ముఖం చూడాల్సిన పని ఉండదు.
- మీరు కళ్లారా చూసిన రెండు మూడు సంగతులు. ఎవరో చెప్పగా విన్నవి పనికిరావు.
- ఫోన్‌లో రెండు నంబర్లు: 108, 14416. రెండోది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. జబ్బు ఉన్నవాళ్లే చేయాలని లేదు, "మా ఫ్రెండ్ ఇట్లుంది, నేనెట్ల మాట్లాడాలె" అని మీరే అడగొచ్చు.
- ఆమె నమ్మే పెద్ద మనిషి ఒకరు ఎవరో మనసులో అనుకుని ఉంచండి. అక్క, పిన్ని, ఒక లెక్చరర్, ఎవరైనా సరే.

బరువు చూసే మెషీన్, క్యాలరీల యాప్ అక్కర్లేదు. గదిలో మెషీన్ ఉంటే, అది మీదైతే, ఊరికి పంపేయండి.

1. చూడండి, నిఘా మాత్రం పెట్టకండి

కనిపించే గుర్తులు ఇలా ఉంటాయి: భోజనానికి ముందు ఏదో ఒక సాకు, తిన్న వెంటనే బాత్రూమ్, లోపల ట్యాప్ ఆపకుండా తిరుగుతూ ఉండటం, ఎండాకాలంలో కూడా చలి, జుట్టు ఊడటం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, నెలసరి తప్పడం, చెవుల కింద బుగ్గలు ఉబ్బడం, వేళ్ల కణుపుల మీద గాట్లు, వదులు బట్టలు, అద్దం ముందు గంటలు లేదంటే అద్దానికి గుడ్డ కప్పేయడం. వీటిలో ఒక్కటి కనబడగానే నిర్ణయానికి రావొద్దు, థైరాయిడ్, క్షయ, షుగర్ లాంటివి ఉన్నా మనిషి చిక్కిపోతాడు.

మన దగ్గర ఒక చిక్కు ఉంది, ఒక్కపొద్దు. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకటేశ్వర స్వామికి, ఇంట్లో అమ్మమ్మలు ఉన్నదే ఇలా కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, పైగా "ఎంత భక్తో" అని మెచ్చుకుంటారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే ఒక్కపొద్దు విడిచే వేళ. నిజంగా ఉపవాసం ఉన్న మనిషి ఎప్పుడెప్పుడు విడుద్దామా అని చూస్తుంది. ఈ జబ్బున్న మనిషికి విడిచే టైమ్ దగ్గర పడేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది, ఇంకో దేవుడు గుర్తొస్తాడు, మూడు రోజుల ఒక్కపొద్దు అయిదు రోజులవుతుంది.

నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది ఒక దసరా సెలవుల్లో. ఆమెను నర్సంపేట దగ్గర మా ఊరికి తీసుకెళ్లాను. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టు మీద ఆట అయిపోయాక సద్దులు పంచుకుంటున్నాం, అందరికీ పంచింది తనే. నువ్వుల సద్ది ఒక ముద్ద తన అరచేతిలో కూడా పెట్టుకుంది. కాసేపటికి చూస్తే దాన్ని బొటనవేలితో చిన్న చిన్న ఉండలు చేస్తూ, ఒక్కొక్కటీ చీర కుచ్చిళ్ల చాటున గడ్డిలోకి వదులుతోంది. నవ్వుతూ మాట్లాడుతూనే ఉంది. మా అమ్మ "ఇంకొంచెం పెట్టాల్నా బిడ్డా" అంటే "అయ్యో, కడుపు నిండింది పెద్దమ్మా" అన్నది.

ఇంకొకటి. తనేమీ తినదు కానీ అందరికీ వండిపెడతానంటుంది, రాత్రంతా వంట వీడియోలు చూస్తుంది. నాటకం అనుకోవద్దు. 1944, 45లో అమెరికాలోని మినెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లకు దాదాపు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశారు. వాళ్లకూ రాత్రింబవళ్లు తిండి ధ్యాసే, కొందరు వంట పుస్తకాలు పోగేశారు, చిరాకు, దిగులు ముదిరాయి. అంటే ఆ కస్సుబుస్సులో చాలా భాగం ఆకలిది, ఆమె గుణం అలా మారిపోయిందని కాదు.

2. ముందు ప్రమాదం ఉందో లేదో తేల్చుకోండి

కింది వాటిలో ఏది ఉన్నా మిగతా స్టెప్పులు పక్కన పెట్టి 108కు ఫోన్ చేయండి, లేదా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి క్యాజువాలిటీకో దగ్గర్లోని ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి:

- స్పృహ తప్పడం, ఫిట్స్, మాట తడబడటం
- ఛాతీలో నొప్పి, గుండె దడదడ కొట్టుకోవడం, ఊపిరాడకపోవడం
- వాంతిలో రక్తం
- నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం
- చిన్నప్పటి నుంచి షుగర్ ఉన్న మనిషి బరువు తగ్గడానికి ఇన్సులిన్ మానేయడం
- చచ్చిపోతానన్న మాట

పదే పదే వాంతులు చేసుకున్నా, విరేచనం మాత్రలు మింగినా ఒంట్లో పొటాషియం పడిపోతుంది, దాంతో గుండె లయ తప్పొచ్చు. మనిషి పైకి బాగానే కనిపిస్తుండగానే ఇది జరుగుతుంది.

చావు మాట అనుమానంగా ఉంటే సూటిగా అడగండి, "చచ్చిపోవాలె అనిపిస్తుందా?" అని. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు.

హెచ్చరిక: చాలా రోజులు దాదాపు ఏమీ తినని మనిషికి జాలితో నెయ్యన్నం, స్వీట్లు ఒకేసారి కుక్కి పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు, దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటి వాళ్లకు తిండి మళ్లీ మొదలుపెట్టడం డాక్టర్ చూస్తుండగానే జరగాలి.

3. మాట్లాడండి

పైన చెప్పిన ప్రమాదం ఏదీ లేకపోతే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. మన దగ్గర ఎవరు ఎదురైనా ముందు అడిగేది "తిన్నవా?" అనే కదా, ప్రేమగానే అడుగుతాం. కొన్నాళ్లు ఆ ఒక్క మాట ఆమె దగ్గర మానేయండి. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, "ఇప్పుడే తిన్న", అక్కడితో మాట తెగిపోతుంది.

మీరు చూసింది చెప్పండి, మీకేమనిపించిందో చెప్పండి, ఆగండి. నేను అన్నది ఇంచుమించు ఇలా ఉంది:

"ఏమే, నీతోని ఒక ముచ్చట చెప్పాలె. దసరాకు మా ఊళ్ల నువ్వు సద్ది కింద వదులుడు చూసిన. నెల నుంచి రాత్రి మెస్‌కు నాతోని వస్తలేవు. నాకు భయమైతుంది. ఇప్పుడే ఏం చెప్పకున్నా పర్వాలేదు, నేను యాడికి పోను."

అబ్బాయిలైతే ఇంకా తక్కువ మాటల్లో: "అరేయ్, ఈ మధ్య నువ్వు మంచిగ లేవురా. జిమ్‌ల మొన్న కళ్లు తిరిగి పడ్డవ్. ఏమైందో చెప్పు, ఎవ్వరి ముందట తియ్యను."

తర్వాత నోరు మూసుకుని ఉండటమే కష్టం. అర నిమిషం నిశ్శబ్దం అరగంటలా ఉంటుంది, ఆ ఖాళీని సలహాలతో నింపకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

"నువ్వు బక్కగైనవ్", "ముఖం పీక్కపోయింది" అనకండి. అది ఆమెకు మెచ్చుకోలులా వినబడొచ్చు. "దొడ్డుగ లేవు కదనే" అని ఓదార్చడమూ అంతే, మళ్లీ మాట ఒంటి మీదికే వచ్చింది.

4. కాదంటే, కోప్పడితే

మొదటిసారే ఒప్పుకునేవాళ్లు తక్కువ. "గ్యాస్ ట్రబుల్", "ఎగ్జామ్స్ టెన్షన్", "నీకెందుకు" అని వస్తాయి. వాదించకండి. "సరే, నేను తప్పు అనుకున్న కావచ్చు. మల్ల అడుగుత, ఏమనుకోకు" అని వదిలేయండి, వారం పదిరోజులకు నిజంగానే మళ్లీ అడగండి. మధ్యలో మామూలుగా ఉండండి, నోట్స్, క్లాసుల ముచ్చట్లు, అన్నీ. రెండో మూడో సారికి ఏదో ఒకటి చెప్పొచ్చు.

నోటితో చెప్పలేకపోతే ఒక మెసేజ్ రాయమనండి. ఎదురుగా కూర్చుని కూడా మెసేజ్‌లోనే మాట్లాడుకున్న రాత్రులు మాకున్నాయి. డాక్టర్ అంటే భయపడితే ముందు 14416కు స్పీకర్ పెట్టి ఇద్దరూ కలిసి ఫోన్ చేయొచ్చు. "పిచ్చి డాక్టర్ దగ్గరికా" అంటే మామూలు ఫిజీషియన్ దగ్గర మొదలుపెట్టండి, కళ్లు తిరుగుతున్నాయి, నెలసరి రావట్లేదు అన్న కారణం చాలు.

5. పెద్దవాళ్లకు చెప్పడం

ఇంటర్ పిల్లలైతే, అంటే 18 ఏళ్లు నిండకపోతే, ఇంట్లో చెప్పాల్సిందే, చికిత్సకు వాళ్లు ఒప్పుకోవాలి. ఆమె వెనక చెప్పకండి, "నేను రేపు మీ అమ్మకు ఫోన్ చేస్త, నువ్వు పక్కన కూసుంటవా, నువ్వే చెప్తవా" అని అడగండి. 18 దాటితే నిర్ణయం ఆమెది, ప్రాణాపాయం ఉంటే తప్ప.

ఇంట్లో చెప్పేటప్పుడు వాళ్ల మీద తప్పు వేసినట్టు ఉండకూడదు. "ఆంటీ, ఆమె మిమ్మల్ని సతాయించడానికి చేస్తలేదు. ఇది జబ్బు, డాక్టర్‌కు చూపియ్యాలె, నేను గూడ వస్త." అటు నుంచి "దిష్టి తగిలింది" అని వస్తుంది, "పెళ్లి చేస్తే సక్కగైతది" అని కూడా వస్తుంది. దిష్టి తీయిస్తామంటే తీయించనివ్వండి, దాంతో నష్టం లేదు, అయితే డాక్టర్ అపాయింట్‌మెంట్ అదే వారంలో ఉండాలి. రెండో దానికి మాత్రం అడ్డం పడండి.

వార్డెన్‌కు చెప్పాలా? మనిషిని బట్టి. నేను తొందరపడి చెప్పాను, ఆవిడ మెస్ లైన్‌లో అందరి ముందూ "నువ్వేనా అన్నం తినంది" అంది. ఆ తర్వాత నెల రోజులు నా ఫ్రెండ్ ఆ మెస్ గడప తొక్కలేదు.

6. డాక్టర్ దగ్గరికి

వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ పొద్దున పూట చూసుకుని వెళ్లండి. హనుమకొండలో ప్రైవేటు సైకియాట్రిస్టులు ఉన్నారు. ఫోన్ చేసినప్పుడే "ఈటింగ్ డిజార్డర్ కేసులు చూస్తారా" అని అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. ఇక్కడ కుదరకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆస్పత్రి ఉంది, కాజీపేటలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. మంచి చికిత్స అంటే సైకియాట్రిస్ట్, ఒంటిని చూసే డాక్టర్, డైటీషియన్, కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్ట్ కలిసి చేసేది. చిన్న వయసు వాళ్లకైతే కొన్నాళ్లు భోజనం బాధ్యత తల్లిదండ్రుల చేతికి ఇచ్చే పద్ధతి కూడా ఉంది.

వెళ్లేముందు ఒక చీటీ రాసుకోండి: ఎప్పటి నుంచి, ఏమేం జరుగుతోంది, వాంతులు రోజుకు ఎన్నిసార్లు, నెలసరి ఎన్ని నెలలుగా లేదు, ఏ మాత్రలు వేసుకుంటోంది. లోపల నోరు పెగలదు, చీటీ టేబుల్ మీద పెట్టేస్తే చాలు. మాకు మొదట చూసిన డాక్టర్ ఒకరు "మంచిగ తినమ్మా" అని టానిక్ రాసి రెండు నిమిషాల్లో పంపేశారు, ఎందుకంటే మేం చెప్పింది నీరసం అని మాత్రమే.

పల్స్, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ, ఈసీజీ, రక్తంలో సోడియం, పొటాషియం, ఫాస్ఫేట్, షుగర్ చూడాలా అని మీరే అడగండి. రిపోర్టులు నార్మల్ వచ్చాయంటే జబ్బు లేదని కాదు, ఒళ్లు చాలాకాలం సర్దుకుపోతుంది. ఆకలి పుట్టించే సిరప్ మెడికల్ షాపులో అడిగి కొనడం ఈ జబ్బుకు మందు కాదు, ఇక్కడ ఆకలి లేక కాదు తినంది.

కాలేజీలో తెలిసిపోతుందని భయపడితే ఇది చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత ఆస్పత్రిది.

7. చికిత్స మొదలయ్యాక, భోజనాల దగ్గర

పక్కన కూర్చుని మీరూ తినండి. క్రికెట్, సినిమా, సప్లీలు, ఏదైనా మాట్లాడండి, తిండి తప్ప. ఆమె ప్లేట్ వైపు చూడకండి. తిన్నాక ఒక గంట చాలా గడ్డుగా ఉంటుంది, అప్పుడు ఉండమంటుందా అని ముందే అడిగి పెట్టుకోండి, మేమైతే ఆ గంట అష్టాచెమ్మా ఆడేవాళ్లం. వాంతి అయిపోతే గొడవ చేయకండి, నీళ్లతో పుక్కిలించమనండి, వెంటనే బ్రష్ చేస్తే ఆమ్లం తగిలిన పళ్లు ఇంకా అరుగుతాయి. తర్వాతిసారి డాక్టర్‌కు చెప్పమనండి.

అందరం చేసే తప్పులు

లెక్కపెట్టడం. నేను ఒక నోట్‌బుక్‌లో ఆమె ఏ రోజు ఎన్ని చపాతీలు తిన్నదో రాశాను, మంచి చేస్తున్నాననే అనుకున్నాను. అది ఆమెకు దొరికింది. రెండు వారాలు మాటల్లేవు, నేను లేని టైమ్ చూసుకుని మెస్‌కు వెళ్లడం నేర్చుకుంది, అంటే నాకు కనబడకుండా తినకపోవడం నేర్చుకుంది.

ఒట్లు. "నా మీద ఒట్టు, ఈ సర్వపిండి ముక్క తిను." ఒట్టు కోసం తింటుంది, బాత్రూమ్‌లో కక్కుతుంది, ఒట్టు తప్పానన్న పాపం కూడా తోడవుతుంది.

"ఈ రోజు మంచిగ తిన్నవే" అని మెచ్చుకోవడం, కోలుకుంటున్నప్పుడు "ముఖం నిండింది, మంచిగైనవ్" అనడం. మీరన్నది 'మంచిగ', ఆమెకు వినబడేది 'లావు'.

ఆమె ముందు మీ డైట్ గురించి మాట్లాడటం, "నాకూ పొట్ట పెరిగిందే, రేపటి నుంచి అన్నం బంద్" అనడం. ఇది నాకు మానడానికి చాలా కాలం పట్టింది, మనం ఈ మాటలు ఎన్నిసార్లు అంటామో ఆపుదామనుకున్నాకే తెలుస్తుంది.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

బరువు డాక్టర్ చూసుకుంటారు, మీరు చూడాల్సినవి వేరు. రెండో అపాయింట్‌మెంట్‌కు వెళ్లిందా? మొదటిది మీ బలవంతం మీద వెళ్లొచ్చు, రెండోది లెక్క. అనుకోకుండా ఎవరో మిర్చి బజ్జీలు తెస్తే గది వదిలి పారిపోకుండా కూర్చుంటోందా, తినకపోయినా సరే? తినలేకపోయిన రోజు "ఈ రోజు నా వల్ల కాలే" అని మీతో చెబుతోందా? నా లెక్కలో అన్నిటికంటే పెద్ద గుర్తు ఇదే, అబద్ధం ఆగింది కాబట్టి. తిండి కాకుండా వేరే ముచ్చట్లు మళ్లీ మొదలయ్యాయా?

ఒక వారం బాగా తినగానే "తగ్గిపోయింది" అని మందులు, కౌన్సెలింగ్ ఆపేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు. పరీక్షలు, పెళ్లిళ్లు, ఇంటికి వెళ్లొచ్చిన వారం మళ్లీ తిరగబెట్టొచ్చు, అప్పుడు రెండో స్టెప్ నుంచి మళ్లీ చూసుకోండి.

మీ నిద్ర పోతోంది, మీ చదువు పోతోంది అనిపిస్తే ఇంకో ఫ్రెండ్‌ను, ఆమె ఒప్పుకుంటేనే, కలుపుకుని వంతులు వేసుకోండి. ఊరికి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లండి, చెప్పిన రోజుకు రండి.

మొదటి మాట ఎలా కలపాలో తెలియక ఆగిపోతున్నవాళ్లు ఈ మెసేజ్ ఈ రాత్రికే పంపొచ్చు: "రేపు సాయంత్రం ఖాళీయేనా? బండ్ మీద నడుద్దాం. తినడానికి ఎక్కడికీ పోం, ఊకెనే."